చేత్తో బాంగో చేద్దాం – 3వ పాఠం: తోలు బిగించడం

బాంగో అంటే చేత్తో వాయించే క్యూబా జంట డోళ్లు. పోయిన పాఠంలో ఒక్కోదానికి 16 చెక్కపలకలు అతికించి 7 అంగుళాలది, ఎనిమిదిన్నర అంగుళాలది రెండు డొల్లలు చేశాం కదా. చిన్నదాన్ని క్యూబాలో మాచో అంటారు, అంటే మగది. పెద్దది ఎంబ్రా, ఆడది. ఇక్కడ బొంగురు గొంతు ఆడదానిదే!

ఇప్పుడు దుకాణాల్లో దొరికే బాంగోలకు ఇనుప కమ్మీలు, నట్లు ఉంటాయి. మనకవి వద్దు. 19వ శతాబ్దం చివర్లో తూర్పు క్యూబాలో, గ్వాంటానమో వైపు, ఈ వాయిద్యం రూపుదిద్దుకున్నప్పుడు తోలును మేకులతోనే కొట్టేవారు. అడుగున మూత లేని ఈ డోళ్ల మూలాలు అక్కడికి బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్లవి, ముఖ్యంగా కాంగో ప్రాంతం వాళ్లవి.

ముందు డొల్ల పై అంచును ఉప్పుకాగితంతో గుండ్రంగా అరగదీయండి. పదునుగా వదిలేస్తే అదే తోలును కోసేస్తుంది. టానింగ్ చేయని పచ్చి మేకతోలును డొల్ల కంటే చుట్టూ రెండంగుళాలు ఎక్కువ ఉండేలా కత్తిరించి, రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టండి. వేడినీళ్లు పోయొద్దు. మొదటిసారి నేను తొందరపడి పోశాను. తోలు ముడుచుకుపోయి, అంచులు జిగురులా తయారై, మూడొందలు నీళ్లపాలయ్యాయి.

వెన్నెముక గీత సరిగ్గా మధ్యలోకి వచ్చేలా తోలు పరచండి. గడియారం గుర్తుపెట్టుకోండి: 12 దగ్గర ఒక మేకు, వెంటనే ఎదురుగా 6 దగ్గర. తర్వాత 3, 9. ఆపైన మధ్య ఖాళీలు, అవీ ఎదురెదురుగానే. వరసగా కొట్టుకుంటూ పోతే ముడతలన్నీ చివరికి ఒకేచోట పోగవుతాయి. చేత్తో లాగినంత బిగువు చాలు. తడి మీద మరీ బిగిస్తే, ఆరేటప్పుడు తోలు ఇంకా ముడుచుకుని మేకుల దగ్గర చిరుగుతుంది.

రెండు మూడు రోజులు నీడలోనే ఆరనివ్వండి. మొదటి రోజు తడితే గుడ్డ మీద కొట్టినట్టు ఉంటుంది, కంగారు పడకండి. వెంట్రుకలు మిగిలితే పూర్తిగా ఆరాక బ్లేడుతో గీకేయండి.

శ్రుతి సంగతి. వానాకాలం గాలిలో తేమకు తోలు సాగి గొంతు దిగిపోతుంది. పాతకాలం క్యూబా వాయిద్యకారులు దాన్ని మంట సెగకు చూపేవారు. మన డప్పు కళాకారులు ఆట మొదలయ్యే ముందు చేసేదీ అదే. జానెడు దూరంలో పట్టుకుని తిప్పుతూ ఉండండి, ఒకేచోట ఆపితే కాలుతుంది. మాచో టంగుమనాలి.

వచ్చే పాఠానికి రెండు డొల్లల మధ్య బిగించడానికి గట్టి చెక్కముక్క ఒకటి సిద్ధంగా ఉంచుకోండి.