సినిమా కథనం నేర్చుకుందాం – 4వ పాఠం: ఎవరికి, ఎప్పుడు, ఏం తెలుసు?

పోయిన పాఠంలో సీను ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో చూశాం. ఈసారి నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం. కథలోని అసలు సంగతి ప్రేక్షకుడికి ఎప్పుడు తెలియాలి? పాత్ర కంటే ముందా, పాత్రతో పాటా, లేక చాలాసేపు ఆగాకా? డైలాగు రాయకముందే ఇది తేల్చుకోవాలి. ఇదొక్కటి మారితే అవే మాటలు, అదే కథ వేరే సినిమా అయిపోతాయి.

ముందే చెప్పేయడంలో 'మాయాబజార్' (1957)ను మించిన పాఠం మనకు లేదు. పెళ్లిపీటల మీద ఉన్నది శశిరేఖ కాదు, ఘటోత్కచుడని మనకు తెలుసు. లక్ష్మణ కుమారుడికి తెలీదు. పెళ్లికూతురు కాలు తొక్కితే అతను అదిరిపడతాడు, మనం పడీపడీ నవ్వుతాం. ఆ రహస్యం దాచి చివర్లో బయటపెట్టి ఉంటే ఆశ్చర్యం ఒక్క క్షణం ఉండేది. ముందే చెప్పారు కాబట్టి పెళ్లి తంతు పొడవునా నవ్వుతూనే ఉంటాం. సావిత్రి చూపులో ఘటోత్కచుణ్ణి వెతుక్కుని మురిసిపోతాం.

దీనికి ఎదురు దారి పట్టిన సినిమా మన విశాఖదే, 'కేరాఫ్ కంచరపాలెం' (2018). చూడనివాళ్లు తర్వాతి పేరా దాటేయండి, చూశాకే చదవండి.

బడి పిల్లాడు సుందరం, కుర్రాడు జోసెఫ్, మందు షాపులో పనిచేసే గడ్డం, నలభై తొమ్మిదేళ్లొచ్చినా పెళ్లికాని అటెండరు రాజు. నాలుగు ప్రేమకథలు కలిసి నడుస్తాయి. ఒకదాని పక్కన ఒకటి వస్తున్నాయి కాబట్టి అన్నీ ఒకే కాలంలో జరుగుతున్నాయని మనమే అనుకుంటాం. చివరికి నలుగురూ ఒక్క మనిషేనని తెలుస్తుంది. దర్శకుడు వెంకటేష్ మహా ఎక్కడా అబద్ధం చెప్పలేదు, పేర్లు మార్చి మన అలవాటును వాడుకున్నాడు. నాకు అంతకన్నా విలువైనది ఇంకొకటుంది. రాజుకి పెళ్లెందుకు కాలేదని ఊరంతా అడుగుతూనే ఉంటుంది. ఆ మలుపు ఆ ప్రశ్నకు జవాబు. రెండోసారి చూస్తే సుందరం, జోసెఫ్, గడ్డం పోగొట్టుకున్నదంతా రాజు మౌనంలో కనిపిస్తుంది. రెండోసారి చూసినప్పుడు సినిమా ఇంకా బరువెక్కాలి. అలా కాకపోతే అలాంటి ట్విస్టు జోలికి పోవద్దు.

ఇక మనం రాద్దాం. గోదావరి ఎక్స్‌ప్రెస్ తెల్లారేసరికి విశాఖ స్టేషన్‌కి చేరింది. హైదరాబాద్ నుంచి కొడుకు దిగాడు. షిప్‌యార్డులో రిటైరైన నాన్న ఎదురొచ్చాడు. కొడుకు ఉద్యోగం పోయింది, నాన్నకి తెలీదు. ఇంతే కథ.

మొదటి పద్ధతి: రైల్లోనే కొడుకు మెడలోని ఆఫీసు ఐడీ కార్డు తీసి బ్యాగు అడుగున పెట్టడం చూపిస్తాం. తర్వాత ఆటోలో నాన్న డ్రైవరుతో, "మావోడు అక్కడ మేనేజరు బాబూ, ఈ ఏడు మురళీనగర్లో ఫ్లాటు తీసుకుంటున్నాం" అంటాడు. కొడుకు ఏమీ అనక్కర్లేదు, కిటికీలేని ఆ ఆటోలోంచి బయటికి చూస్తే చాలు. నాన్న ఎంత సంతోషంగా మాట్లాడితే మనకు అంత టెన్షన్. నన్నడిగితే కొత్తగా రాసేవాళ్లు ముందు దీని మీదే చెయ్యి తిప్పుకోవాలి.

రెండో పద్ధతిలో కార్డు చూపించం. సాయంత్రం ఆర్‌కే బీచ్‌లో మురీ మిక్చర్ తింటుండగా కొడుకు చెప్పేస్తాడు, నాన్నతో పాటే మనకూ తెలుస్తుంది. ఇక్కడ బరువంతా నాన్న ముఖం మీదే. నటుడు గట్టివాడైతేనే నిలబడుతుంది.

మూడోది కష్టం. రోజంతా మనకు ఏమీ చెప్పం. ఆటో డబ్బులు నాన్నే ఇస్తాడు, కొడుకు వారించడు. నాన్న ముద్దు చేస్తుంటే కాదనలేదనుకుంటాం. ఫోన్ మోగితే కట్ చేస్తాడు, ఇంటికొచ్చాడు కదా, ఆఫీసు గొడవ వద్దనుకున్నాడేమో అనిపిస్తుంది. రాత్రి బట్టలు తీస్తూ అమ్మ బ్యాగు అడుగున కార్డు చూసి, "పండక్కి కూడా ఇది మోసుకొచ్చావేంట్రా?" అంటుంది. వాడు నోరు తెరవడు. అప్పుడు పొద్దుటి ఆటో మనకు గుర్తొస్తుంది. అంటే ప్రతి పనికీ రెండు అర్థాలు కుదరాలి, రెండూ నిజమే అవ్వాలి. కొడుకు ఒంటరిగా ఉన్న చోట హుషారుగా పాట పాడించారో, అది మోసం. ప్రేక్షకుడు క్షమించడు.

అభ్యాసం: బీచ్‌లోని కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం ముందు ఇద్దరు స్నేహితురాళ్లు కలుస్తారు. ఒకామె మర్నాడు ఊరు వదిలి వెళ్లిపోతోంది, రెండో ఆమెకి తెలీదు. మూడు పద్ధతుల్లోనూ రాయండి, ఒక్కోటి పేజీ దాటకూడదు. మాటలు వీలైనంత వరకు అవే ఉంచండి, సంగతి తెలిసే చోటు మాత్రమే జరపండి. రాశాక మూడోదాన్ని ఎవరికైనా చదివి వినిపించి, ముందే ఎక్కడ పసిగట్టారో అడిగి, ఆ వాక్యం కింద గీత గీయండి.

వచ్చే పాఠం ఇంటర్వెల్ గురించి. ఈ మూడు పేజీలూ దగ్గర పెట్టుకోండి, ఏ పద్ధతి కథకి ఇంటర్వెల్ ఎక్కడ పడుతుందో వాటి మీదే చూద్దాం.