మేనేజ్‌మెంట్‌లో రీసెర్చ్ మాస్టర్స్: దరఖాస్తు ఎక్కడ ఆగిపోతోంది?

విదేశంలో రీసెర్చ్ మాస్టర్స్‌కు దరఖాస్తు చేసిన ఒక అమ్మాయి గత ఏడాది ఫోన్ చేసింది. ‘ఇంటర్వ్యూలో సీటు పోయిందండీ, ఎందుకు పోయిందో అర్థం కావడం లేదు’ అంది. మార్కులు బాగున్నాయి, ఇంగ్లిష్ స్కోరు ఉంది, రెండేళ్ల ఉద్యోగ అనుభవమూ ఉంది. ఆమె పంపిన రీసెర్చ్ ప్రపోజల్, అంటే ఏ ప్రశ్న మీద ఎలా పరిశోధన చేస్తారో చెప్పే పత్రం, తెప్పించుకుని చదివాను. నాలుగు పేజీలు, ఎక్కడా తప్పు లేని ఇంగ్లిష్. ‘మూడు వందల మంది ఉద్యోగులను సర్వే చేస్తానని రాశావు కదమ్మా, వాళ్లు ఎవరు?’ అని అడిగాను. కాసేపు మాట లేదు. ‘అది కన్సల్టెన్సీ వాళ్లు రాసిచ్చారండీ’ అంది. ప్యానెల్ వాళ్లు కూడా ముందు అదే అడిగారట.

ఆ తర్వాత ఇలాంటివాళ్లను ఇంకా చూశాను. అందరూ చదువుకున్నవాళ్లే, తెలివైనవాళ్లే. ఫారం నింపడంలో ఎవరూ తప్పు చేయలేదు, అందరూ ప్రపోజల్ దగ్గరే ఆగిపోయారు. అందుకే ఇక్కడ ఫారం గురించి తక్కువ, ప్రపోజల్ గురించి ఎక్కువ చెబుతాను.

ముందు డిగ్రీ ఏదో తేల్చుకోండి

ఎంబీఏలో క్లాసులు, కేసులు, ప్రాజెక్టులు ఉంటాయి, చివర ప్లేస్‌మెంట్లు ఉంటాయి. రీసెర్చ్ మాస్టర్స్ అలా ఉండదు. పరిశోధన పద్ధతులు నేర్చుకుని, ఒక ప్రశ్న పట్టుకుని, థీసిస్ రాయాలి. ఇది చేసేవాళ్లలో చాలామంది తర్వాత పీహెచ్‌డీకి వెళ్లాలనుకునేవాళ్లు. మీకు కావాల్సింది త్వరగా మంచి ఉద్యోగమే అయితే ఇది మీకు సరిపోయే దారి కాదు. ఆ మాట ఏజెంటు చెప్పడు కాబట్టి నేను చెబుతున్నాను.

పేర్లు, కాలవ్యవధి దేశాన్ని బట్టి మారతాయి. బ్రిటన్‌లో ఎంరెస్ (మాస్టర్ ఆఫ్ రీసెర్చ్) సాధారణంగా ఏడాది కోర్సు, 180 క్రెడిట్లు. నెదర్లాండ్స్‌లో రీసెర్చ్ మాస్టర్స్ రెండేళ్లు, 120 యూరోపియన్ క్రెడిట్లు. ఆస్ట్రేలియాలో రీసెర్చ్ మాస్టర్స్ అనాలంటే కోర్సులో కనీసం మూడింట రెండు వంతులు పరిశోధన, దానికి సంబంధించిన శిక్షణే ఉండాలి. ఎంఫిల్ అనే పేరు మాత్రం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది: కొన్నిచోట్ల ఏడాది, కొన్నిచోట్ల రెండేళ్లు. భారత్‌లో అయితే యూజీసీ 2022 నిబంధనలతో ఎంఫిల్‌ను ఆపేసింది. అంతకుముందు చేరినవాళ్ల డిగ్రీలు చెల్లుతాయి, కొత్తగా చేరేవాళ్లకు గుర్తింపు లేదు. ‘ఎంఫిల్ సీటు ఇప్పిస్తాం’ అని ఎవరైనా ఇప్పుడు డబ్బు అడిగితే ఇవ్వకండి.

ఇంకో సంగతి. 2024 జనవరి 1 నుంచి మొదలయ్యే కోర్సులకు బ్రిటన్‌లో నిబంధన మారింది. మాస్టర్స్ చదివేవాళ్లు సొంత ఖర్చుతో వెళ్తూ భార్యనో భర్తనో, పిల్లలను వెంట తీసుకెళ్లాలంటే ఆ కోర్సు పరిశోధన ప్రధానమైనది అయి ఉండాలి. అప్పటి నుంచి ‘ఫ్యామిలీతో వెళ్లొచ్చు, ఎంరెస్ పెట్టండి’ అని ఏజెంట్లు పరిశోధన మీద ఏ ఆసక్తీ లేనివాళ్లను కూడా ఇటు తోస్తున్నారు. అక్కడ చూసేది కోర్సు పేరు కాదు. క్లాసుల భాగం కన్నా పరిశోధన భాగం పెద్దదిగా ఉండాలి, సొంతంగా కొత్త పని చేసి చూపాలి. మీరు చూస్తున్న కోర్సు ఆ లెక్కలోకి వస్తుందో లేదో యూనివర్సిటీ అడ్మిషన్ల విభాగాన్ని ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి.

కాగితాలు

ట్రాన్స్‌క్రిప్టులు, డిగ్రీ సర్టిఫికెట్, సీవీ, స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, ఇద్దరి సిఫారసు లేఖలు, ఇంగ్లిష్ పరీక్ష స్కోరు. ఇవన్నీ మీకు తెలిసినవే. ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ స్కోర్లు రెండేళ్లు చెల్లుతాయి. జీమ్యాట్, జీఆర్ఈ అయిదేళ్లు. పేరున్న కొన్ని బిజినెస్ స్కూళ్లు రీసెర్చ్ కోర్సులకు జీమ్యాట్ గానీ జీఆర్ఈ గానీ తప్పనిసరిగా అడుగుతాయి. జీమ్యాట్ స్కేలు మారిందన్నది గుర్తుపెట్టుకోండి: ఇప్పుడు 205 నుంచి 805 వరకు. కొత్త స్కేలులో 645 అంటే పాతదాంట్లో దాదాపు 700తో సమానం. పాత పట్టిక చూసి ‘నా స్కోరు తక్కువ’ అని దరఖాస్తే చేయకుండా ఆగిపోయినవాళ్లున్నారు. ఆ టెన్షన్ అక్కర్లేదు.

సిఫారసు లేఖల్లో ఒకటైనా మీకు పాఠం చెప్పినవాళ్లదో, మీ ప్రాజెక్టు గైడ్‌దో ఉండాలి. మీరు టైముకు ఆఫీసుకు వస్తారని మేనేజరు రాస్తే ఇక్కడ పెద్దగా ఉపయోగం లేదు. ఒక ప్రశ్నను మీరు ఎలా తవ్వారో గైడ్ రాస్తే ఉపయోగం. డిగ్రీలో చేసిన ప్రాజెక్టు రిపోర్టు ఉంటే వెతికి పెట్టుకోండి, రాతపని నమూనా అడిగినప్పుడు అదే పనికొస్తుంది.

ప్రపోజల్

సాధారణంగా వెయ్యి నుంచి రెండు వేల పదాలు. ఎంత అడిగారో అంతే రాయాలి. చదివే ప్రొఫెసర్ అందులో చూసేది మూడు విషయాలు: ప్రశ్న సరైనదేనా, ఇచ్చిన గడువులో ఇది అయ్యే పనేనా, దీన్ని నడిపించగల మనిషి మా దగ్గర ఉన్నారా. మొదటి రెండూ మీ చేతిలోనివే.

ఎక్కువమంది తడబడేది ప్రశ్న దగ్గర. ‘వ్యాపారాలపై డిజిటల్ మార్కెటింగ్ ప్రభావం’ అన్నది ప్రశ్న కాదు, పుస్తకం పేరు. ఆ అమ్మాయి కొన్న ప్రపోజల్ కూడా అలాంటిదే: ‘ఉద్యోగుల పనితీరుపై నాయకత్వ ప్రభావం’. దాన్ని పక్కన పెట్టమని చెప్పి, ‘నీ రెండేళ్ల ఉద్యోగంలో నీకు వింతగా అనిపించింది ఏంటి?’ అని అడిగాను. ఆమెది కస్టమర్ సపోర్టు టీము, అందరూ వేర్వేరు ఊళ్ల నుంచి పనిచేసేవాళ్లు. కొత్తగా చేరినవాళ్లు పొరపాటు చేస్తే గ్రూప్ చాట్‌లో అస్సలు చెప్పేవాళ్లు కాదట, రాత్రి ఎవరో ఒక్కరికి ఫోన్ చేసి చెప్పేవాళ్లట. చెబుతున్నప్పుడు ఆమె గొంతే మారిపోయింది. ‘ఇదమ్మా నీ ప్రశ్న’ అన్నాను.

రాసేసరికి అది ఇలా తయారైంది: దూరం నుంచి పనిచేసే టీముల్లో కొత్తగా చేరినవాళ్లు మొదటి ఆరు నెలల్లో తమ పొరపాటును ఎప్పుడు బయటపెడతారు, ఎవరికి చెబుతారు, ఎప్పుడు దాచుకుంటారు?

ఇక ఇంతకుముందు ఎవరేం చేశారన్నది. పొరపాట్లు చెప్పుకోగలిగే వాతావరణం గురించి అమెరికా పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ ఒక తయారీ కంపెనీలోని 51 టీములను పరిశీలించి 1999లో ప్రచురించిన వ్యాసం ఈ రంగంలో అందరూ ప్రస్తావించేదే. ఆ తర్వాత చాలా పని జరిగింది, దూరం నుంచి పనిచేసే టీముల మీద కూడా జరిగింది. కాబట్టి ‘దీనిపై ఎవరూ పరిశోధన చేయలేదు’ అని ఎప్పుడూ రాయకండి. ఆ ఒక్క వాక్యం చూస్తే మీరు చదవలేదని వాళ్లకు తెలిసిపోతుంది. పది పదిహేను వ్యాసాలు నిజంగా చదివి, వాటిలో ఏ మూల ఇంకా తేలలేదో చెప్పండి, చాలు.

పద్ధతి విషయంలో ‘ఎందుకు ఇదే?’ అన్నదానికి జవాబు ఉండాలి. దాచుకున్న పొరపాటును సర్వే ఫారంలో ఎవరూ టిక్కు పెట్టరు, అందుకే పాతిక మందితో విడివిడిగా మాట్లాడతాను అని ఆమె రాసింది. ఆ వాక్యం ఆమెదే, నేను చెప్పింది కాదు. ఆ పాతిక మంది ఎక్కడ దొరుకుతారో కూడా రాయాలి. ‘మా పాత కంపెనీలో అడుగుతాను’ అనడం కన్నా అక్కడి హెచ్ఆర్ నుంచి ‘అభ్యంతరం లేదు’ అని ఒక ఈమెయిల్ తెచ్చుకోవడం ఎంతో నయం. మనుషుల నుంచి సమాచారం సేకరించే ముందు యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. దానికి పట్టే సమయాన్ని కూడా టైమ్‌టేబుల్‌లో చూపండి.

ప్రపోజల్ మాత్రం కొనకండి. ఒకే ప్రపోజల్‌ను కొద్ది మార్పులతో పదిమందికి అమ్ముతారు, పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్‌లో అది దొరికిపోతుంది. ఏఐతో రాయించుకున్నవాటిలో అసలు లేని వ్యాసాలు రిఫరెన్సులుగా వస్తుంటాయి, ఒక్కొక్కటీ వెతికి చూసుకోవాలి. మీ ఇంగ్లిష్ సాదాగా ఉన్నా పరవాలేదు. సాదా ఇంగ్లిష్‌లో సొంత ప్రశ్న ఉన్న దరఖాస్తులు ఆఫర్ తెచ్చుకోవడం చూశాను.

సూపర్‌వైజర్‌కు ఈమెయిల్, ఇంటర్వ్యూ

కొన్ని యూనివర్సిటీలు దరఖాస్తుకు ముందే సూపర్‌వైజర్ (మీ థీసిస్‌ను నడిపించే ప్రొఫెసర్) ఒప్పుకోవాలంటాయి, కొన్ని వాళ్లే కేటాయిస్తాయి. మీ కోర్సు పేజీలో చూడండి. రాయాల్సి వస్తే పది లైన్లలో ముగించండి: మీరెవరు, మీ ప్రశ్న ఏంటి, వాళ్ల ఏ వ్యాసం చదివి రాస్తున్నారు, ఈ ఏడాది విద్యార్థులను తీసుకుంటున్నారా. ఒకే మెయిల్‌ను యాభై మందికి పంపితే చదివేవాళ్లకు ఇట్టే తెలుస్తుంది. జవాబు రాకపోతే రెండు వారాలాగి ఒక్కసారి గుర్తుచేయండి. అప్పటికీ రాకపోతే ఇంకొకరికి రాయండి, మనసు చిన్నబుచ్చుకోకండి. వాళ్ల దగ్గర ఖాళీ లేకపోవచ్చు.

ఇంటర్వ్యూలో మీ ప్రపోజల్ మీదే అడుగుతారు. ఆ అమ్మాయి మరుసటి విడతలో మళ్లీ ఇంటర్వ్యూకి వెళ్లింది. ‘వాళ్లు చాట్‌లో ఎందుకు చెప్పరనుకుంటున్నారు?’ అని అడిగితే చూసింది చూసినట్టు చెప్పింది. ఆఫర్ వచ్చింది. మధ్యలో పోయిన ఏడాది మాత్రం తిరిగి రాలేదు.

ఖాతా, ఫీజు

దరఖాస్తు పోర్టల్‌లో ఖాతా మీ సొంత ఈమెయిల్‌తోనే తెరవండి. చాలామంది ఏజెంట్లు తమ ఈమెయిల్ పెడతారు. అప్పుడు యూనివర్సిటీ అడిగిన అదనపు కాగితం, ఇంటర్వ్యూ తేదీ, తిరస్కరణ కారణం ఏదీ మీదాకా రాదు. ఇప్పటికే అలా జరిగి ఉంటే అడ్మిషన్ల విభాగానికి పాస్‌పోర్టు కాపీతో రాసి ఈమెయిల్ మార్పించుకోవచ్చు, కంగారు పడకండి.

స్కాలర్‌షిప్ కావాలంటే దాని గడువు వేరుగా చూసుకోండి. చాలాచోట్ల అది కోర్సు గడువు కన్నా ముందే ముగిసిపోతుంది.

ఆఫర్ లెటర్ వచ్చాక డిపాజిట్ కట్టే ముందు డిగ్రీ పేరు, కాలవ్యవధి, సూపర్‌వైజర్ పేరు, మీరు ఇంకా తీర్చాల్సిన షరతులేమైనా ఉంటే అవి, వరుసగా చదవండి. రీసెర్చ్ మాస్టర్స్‌కు దరఖాస్తు చేస్తే మామూలు ఎంఎస్సీకి ఆఫర్ వచ్చిన సందర్భాలున్నాయి. డబ్బు యూనివర్సిటీ పోర్టల్‌లో ఇచ్చిన ఖాతాకే పంపి, రసీదు మీ పేరు మీద తీసుకోండి.