బడిపిల్లలకు శరీర భద్రత నేర్పడం ఎలా? – ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడే పిల్లల కోసం

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం ప్రాంతాల తెలుగు ఇళ్లలో పెరిగే పిల్లలు అమ్మ దగ్గర తెలుగులో గారాలు పోతారు, బడిలో ఒడియాలో పాఠం అప్పజెబుతారు. ఆటలకూ లెక్కలకూ ఈ రెండు భాషలు వాళ్లకు ఎన్నడూ అడ్డు రావు. అయితే ఎవరైనా తాకకూడని చోట తాకినప్పుడు, ఆ చోటి పేరు ఇంటి భాషలో పలికితే తిట్లు తినవలసి వస్తుందని వాళ్లకు తెలుసు. బడి భాషలో ఆ పేరు వాళ్లకు ఎవరూ నేర్పలేదు. అందుకే ఈ పాఠం హెచ్చరికలతో కాక మాటలతో మొదలుకావాలని నా గట్టి అభిప్రాయం.

ముందు పెద్దలను కూర్చోబెట్టండి

పిల్లలకు చెప్పేముందు తల్లిదండ్రులను పిలిచి, ఏ మాటలు నేర్పబోతున్నారో దాపరికం లేకుండా వివరించాలి. లేనిపోని ఊహలు పుట్టిస్తున్నారని కొందరు అభ్యంతరం చెబుతారు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో వెలువరించిన అధ్యయనంలో 12,447 మంది పిల్లలను అడిగితే, సగానికి పైగా తాము ఏదో ఒక రకం లైంగిక వేధింపును ఎదుర్కొన్నామని చెప్పారని, వారిలో మగపిల్లలు కూడా పెద్ద సంఖ్యలో ఉన్నారని వారికి తెలియజేయండి.

శరీర భాగాల పేర్లు రెండు భాషల్లోనూ

బోర్డు మీద ఒక బొమ్మ గీసి, తల నుంచి పాదం దాకా అన్ని భాగాల పేర్లూ ఒకే గొంతుతో చెప్పాలి. మర్మాంగాలను ముద్దుపేర్లతో దాటవేయకుండా, మూత్రం వచ్చే చోటు, దొడ్డికి వచ్చే చోటు, రొమ్ము అని స్పష్టంగా పలికించాలి. నేను చూసిన ఒక మూడో తరగతి గదిలో ఆ మాట రాగానే వెనక బెంచీ నుంచి నవ్వు లేచింది. ఉపాధ్యాయురాలు కసరలేదు; మోకాలు, మోచెయ్యి, బొడ్డు అంటూ వరుసగా పలికిస్తూ, మళ్లీ ఆ మాట దగ్గరికి వచ్చినప్పుడు కూడా అదే గొంతుతో పలికించారు. నాలుగోసారికి నవ్వు దానంతట అదే ఆగిపోయింది.

తెలుగు మాట కుదిరాక దాని ఒడియా మాట నేర్పించాలి. “మోతే ఛుఅ నాహిఁ” (నన్ను తాకొద్దు), “మోతే డర లాగుఛి” (నాకు భయంగా ఉంది), “ముఁ ఘరకు జిబి” (నేను ఇంటికి పోతాను) అనే మూడు వాక్యాలు ప్రతి బిడ్డకూ నోటికి రావాలి. వాటిని గొణుగుతూ కాక గట్టిగా, నిలబడి చెప్పించండి.

వరుస పిలుపుల చిక్కు

కొత్తవాళ్లతో మాట్లాడవద్దని మాత్రమే చెప్పి ఊరుకుంటే ఈ పాఠం దారి తప్పుతుంది. మన వీధిలో పాలు పోసే ఆయన మామయ్య, ఆటో నడిపే ఆయన బాబాయి, ట్యూషన్ చెప్పే అబ్బాయి అన్నయ్య. పిల్లల దృష్టిలో కొత్తవాళ్లంటూ దాదాపు ఎవరూ ఉండరు. పిల్లలకు హాని చేసినవారిలో ఎక్కువమంది వాళ్లకు తెలిసినవారే. కనుక మనిషిని చూసి కాక అతడు చేసే పనిని చూసి గుర్తుపట్టడం నేర్పాలి: బట్టల కింద ఉండే చోట్లను తాకినా, తనవి తాకమన్నా, అలాంటి బొమ్మలు ఫోన్లో చూపించినా, ఫోటో తీస్తానన్నా, ఆ పని చేసింది ఎవరైనా సరే అది తప్పు. స్నానం చేయించే అమ్మ, అమ్మానాన్నల ఎదుట పరీక్షించే డాక్టరు వంటి మినహాయింపులను కూడా విడమరచి చెప్పాలి.

ఇక్కడ పెద్దలు మానుకోవలసినది ఒకటుంది. ఆరేళ్ల పిల్లను ఒళ్లోకి లాగి “నన్ను పెళ్లి చేసుకుంటావా?” అని మేనమామ వరుసవాళ్లు ఆటపట్టించడం మనకు అలవాటు. ఆ పిల్ల గింజుకుంటుంటే చుట్టూ ఉన్నవాళ్లు నవ్వితే, వద్దన్న తన మాటకు విలువ లేదని ఆమె నేర్చుకుంటుంది. ముద్దివ్వనంటే బలవంతం చేయకుండా, నమస్కారంతో సరిపెట్టనివ్వండి.

దాచమని చెప్పే మాటల్లో తేడా కూడా చూపించాలి. చెల్లి పుట్టినరోజుకు కొన్న గౌను సంగతి నాలుగు రోజుల్లో అందరికీ తెలుస్తుంది. ఎప్పటికీ ఎవరికీ చెప్పొద్దంటూ చాక్లెట్టు ఇచ్చో భయపెట్టో దాయించే సంగతిని మాత్రం వెంటనే చెప్పేయాలి.

అయిదు వేళ్లు, అయిదుగురు మనుషులు

కాగితం మీద చెయ్యి పెట్టి గీయించి, ఒక్కో వేలిమీద తాను ధైర్యంగా చెప్పుకోగల పెద్దవారి పేరు రాయించండి. ఇలా రాయించినప్పుడు ఒక బాబు ఎంతో ప్రేమగా పార్వతీపురంలో ఉన్న అమ్మమ్మ పేరు, చెన్నైలో పనికి వెళ్లిన నాన్న పేరు రాశాడు. ఇద్దరి ఫోన్ నంబర్లూ వాడికి తెలియవు. ఆ పేర్లు కొట్టేయనక్కర్లేదు, నంబర్లు కంఠస్థం చేయించాలి. కనీసం రెండు వేళ్లమీద అదే రోజు నడిచి వెళ్లి చేరగల మనుషులుండాలి, వారిలో ఒకరు ఇంటి బయటివారై ఉండాలి. ఒకరు నమ్మకపోతే రెండోవారికి, వారూ నమ్మకపోతే మూడోవారికి చెప్పాలని నేర్పండి. ఉచితంగా ఫోన్ చేయగల 1098 బాలల సహాయ నంబరును అరచేతి మధ్యలో రాయించండి.

బిడ్డ వచ్చి చెప్పినప్పుడు

చేస్తున్న పని ఆపి, బిడ్డ కళ్లకు సమానమైన ఎత్తులో కూర్చుని, ఏ భాషలో మొదలుపెడితే ఆ భాషలోనే చెప్పనివ్వండి. “చెప్పి మంచిపని చేశావమ్మా, తప్పు నీది కాదు” అనాలి. ఎందుకు వెళ్లావు, అప్పుడే ఎందుకు చెప్పలేదు అని అడగకూడదు. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకూడదు, ఎందుకంటే ఆ మాట మీరు నిలబెట్టుకోలేరు. మళ్లీ మళ్లీ చెప్పించకుండా, బిడ్డ వాడిన మాటలనే మార్చకుండా, తేదీతో రాసిపెట్టుకోండి. జరిగి ఎంతోసేపు కాకపోతే బట్టలు ఉతకకుండా కాగితంలో చుట్టి ఉంచి, ఆలస్యం లేకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పెద్దమనుషుల తగువులో ఇది తేలే సంగతి కాదు. లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడేందుకు 2012 నవంబర్ 14న అమల్లోకి వచ్చిన పోక్సో చట్టం 18 ఏళ్లలోపు ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఒకేలా వర్తిస్తుంది. నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలని అందులోని 19వ సెక్షన్ ఆదేశిస్తోంది. చెప్పకపోతే ఆరు నెలల వరకు, తన కింద పనిచేసేవారి నేరాన్ని దాచిన సంస్థ అధిపతికి ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు. బిడ్డ పార్వతీపురంలోనో పలాసలోనో హాస్టల్లో ఉండగా జరిగినా, ఇక్కడి స్టేషన్లోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత (నేర విచారణ పద్ధతులను నిర్దేశించే చట్టం) అందుకు వీలు కల్పిస్తోంది. బిడ్డ వాంగ్మూలాన్ని ఇంట్లోనో, బిడ్డ కోరుకున్న చోటనో, యూనిఫాం లేని అధికారి నమోదు చేయాలి. రాత్రివేళ స్టేషన్లో ఉంచకూడదు. ఫిర్యాదును బిడ్డకు అర్థంకాని భాషలో రాస్తే దుబాసీని ఏర్పాటు చేయాలని కూడా చట్టంలో ఉంది. ఒడియాలో రాసిన కాగితాన్ని తెలుగులో చదివి వినిపించమని మీరు మొహమాటం లేకుండా అడగండి.

దసరా సెలవులకూ, వేసవి సెలవులకూ ముందు ఒకసారి, పిల్లలు చుట్టాల ఊళ్ల నుంచి తిరిగొచ్చిన వారంలో మరోసారి ఈ పాఠాన్ని మళ్లీ చెప్పండి. ఆ రెండోసారి వేళ్లమీది పేర్లను కొత్తగా రాయించి, ఎవరైనా ఒక పేరు తీసేస్తే అందరి ముందూ అడగకుండా, ఆ సాయంత్రం ఆ బిడ్డతో విడిగా మాట్లాడండి.