పాత ఎయిర్ పిస్టల్: పొగ, గాలి లీకు, ఎడమకు పడే పెల్లెట్లు

మహబూబ్‌నగర్‌లో మా బావ బీరువాలో ఏళ్ల తరబడి పడి ఉన్న స్ప్రింగ్ ఎయిర్ పిస్టల్‌ను కొనుక్కుని నల్గొండ తెచ్చుకున్నాను. .177ది (గుండు సైజు అంగుళాల్లో, అంటే 4.5 మిల్లీమీటర్లు), బారెల్ వంచి లోడ్ చేసేది. దారికి తేవడానికి వారం పట్టింది. చేతికి తీసుకోగానే బారెల్ వంచి లోపల పెల్లెట్ (చిన్న గుండు) ఉందో లేదో కళ్లతో చూడండి. ఇచ్చినవాళ్లు ఖాళీయే అన్నా సరే, చూడండి. వంచి ఉన్నంతసేపూ బారెల్‌ను గట్టిగా పట్టుకోవాలి, ట్రిగ్గర్ పొరపాటున నొక్కుకుంటే అది వెనక్కి కొట్టి వేళ్లు నలుగుతాయి.

సమస్య: కాలిస్తే పొగ, కమురు వాసన, టపాసు పేలినంత చప్పుడు.
స్ప్రింగ్ తోసే పిస్టన్ ముందు నూనె ఉందన్నమాట. గాలి ఒక్కసారిగా నొక్కుకుని వేడెక్కితే ఆ నూనె డీజిల్ ఇంజన్‌లోలాగే మండుతుంది. దీనికి కారణం నేనే, బిగుసుకుపోయిందని గాలి వచ్చే రంధ్రంలో కుట్టుమిషన్ నూనె పోశాను. ఇలా మండుతూ ఉంటే స్ప్రింగూ, గాలి పోకుండా ఆపే సీలూ పాడవుతాయి, అందుకే నూనె పోయడం పూర్తిగా ఆపేశాను. కొన్ని పెల్లెట్లు కాల్చాక పొగ తగ్గింది. తగ్గకపోతే తెలిసిన రిపేరు మనిషికి ఇవ్వండి కానీ మీరు విప్పొద్దు, లోపలి స్ప్రింగ్ నొక్కిపెట్టి ఉంటుంది, విప్పగానే ముఖం మీదికి ఎగురుతుంది. బయటి కీలుకు మాత్రం ఒక చుక్క చాలు.

సమస్య: దెబ్బలో బలం లేదు, పెల్లెట్ అట్టలోనే ఇరుక్కుంటోంది.
బారెల్ మూసే కీలు దగ్గర పలచటి టిష్యూ ముక్క పెట్టి కాల్చండి. ముక్క ఎగిరితే గాలి అక్కడే పోతోంది, రబ్బరు రింగు అరిగింది, అదే సైజుది వేయాలి. ఎగరకపోతే లోపలి సీలు. చాలా పాతవాటిలో అది తోలు వాషర్, వాడకుండా ఉంచితే ఎండిపోతుంది. అలాంటిదైతే గాలి వచ్చే రంధ్రంలో, కుట్టుమిషన్ నూనె కాదు, రెండు చుక్కల సిలికాన్ ఆయిల్ వేసి మూతి పైకి ఉండేలా రాత్రంతా నిలబెట్టండి. అప్పటికీ బలం రాకపోతే సీలో స్ప్రింగో మార్చాల్సిందే.

సమస్య: కుడిచేత్తో కాలిస్తే అన్నీ కిందికి, ఎడమకు పడుతున్నాయి.
పిస్టల్ మీద నింద వేసేముందు స్క్రూలన్నీ చూడండి, స్ప్రింగ్ అదురుకు అవి వదులవుతాయి. తర్వాత నైలాన్ దారానికి పాత పంచె ముక్క కట్టి లోడ్ చేసే వైపు నుంచి బారెల్‌లో లాగండి, ఇత్తడి బ్రష్ వద్దు. అప్పటికీ మారకపోతే లోపం చేతిదే. ట్రిగ్గర్‌ను ఒక్కసారిగా గుంజుతున్నాం. చూపు టార్గెట్ మీద కాదు, ముందు సైట్ (బారెల్ చివర ఉండే గురి గుర్తు) మీద ఉండాలి, టార్గెట్ మసకగా కనిపించినా ఫర్వాలేదు. పోటీల్లో 10 మీటర్ల టార్గెట్ మీద పది పాయింట్ల వృత్తం 11.5 మిల్లీమీటర్లే, అందుకే నెమ్మదిగా నొక్కడం అలవాటు కావాలి. ప్రాక్టీస్ అని ఖాళీగా కాల్చొద్దు, ముందు పెల్లెట్ అడ్డు లేకపోతే పిస్టన్ నేరుగా వెళ్లి గుద్దుకుంటుంది.

తుప్పు: వానాకాలంలో తోలు కవర్‌లో దాచొద్దు, చెమ్మ పట్టి ఉంచుతుంది. పైన నూనె గుడ్డతో తుడిస్తే సరి.

వెనక ఇసుక బస్తా లేకుండా కాల్చొద్దు, గోడకు తగిలిన పెల్లెట్ తిరిగి వస్తుంది. తోటలో పిట్టల మీద అసలే వద్దు, 1972 వన్యప్రాణి చట్టం ఉంది, పైగా ఆ ప్రాణి మనకేం చేసింది? పెల్లెట్లు సీసంవి, కాల్చడం అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కునే అన్నానికి కూర్చోండి.