ప్రీలాంచ్ ఆఫర్లు: డబ్బు కట్టే ముందు పాటించవలసిన జాగ్రత్తలు

దసరా నుంచి దీపావళి దాకా హైదరాబాదు చుట్టుపక్కల ప్రీలాంచ్ ఆఫర్లు, అంటే అనుమతులు రాకముందే తక్కువ ధరకు అమ్మే ఆఫర్లు, వెల్లువెత్తుతాయి. అమీన్‌పూర్ ప్రాజెక్టు పేరిట వందలాది మంది దగ్గర సొమ్ము వసూలు చేసిన సంస్థ అధిపతిని 2022 డిసెంబరులో పోలీసులు అరెస్టు చేశాక కూడా అదే తరహా ఫిర్యాదులు పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. ఈ వారం అలాంటిదే మరొకటి చదివి ఇది రాస్తున్నాను. లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల పత్రాలు) చూడండి, ఈసీ (ఆస్తిపై జరిగిన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) తీయించండి అని అందరూ చెబుతారు కనుక వాటి జోలికి వెళ్లను.

నేను చూసినంతలో కుటుంబాలను ముంచినది ఒక్కటే తప్పు: రెరా (స్థిరాస్తి ప్రాజెక్టుల నియంత్రణ సంస్థ) దగ్గర ప్రాజెక్టు నమోదు కాకముందే, ధర తగ్గుతుందన్న ఆశతో మొత్తం సొమ్ము కట్టేయడం. బ్యాంకు అప్పు పుట్టని దశలో కొనుగోలుదారుల డబ్బు బిల్డరుకు వడ్డీ లేని పెట్టుబడి. అందుకే అంత తగ్గింపు ఇస్తారు. 2016 నాటి రెరా చట్టం ప్రకారం నమోదుకు ముందు ప్రకటనలు ఇవ్వడం, బుకింగులు తీసుకోవడం నిషిద్ధం. రిజిస్టరు చేసిన అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. వసూలైన సొమ్ములో 70 శాతాన్ని ప్రత్యేక ఖాతాలో ఉంచి, పని జరిగిన మేరకే తీయాలి. నమోదే కాని ప్రాజెక్టుకు ఆ ఖాతా ఉండదు, కాబట్టి మీ డబ్బు పాత ప్రాజెక్టు అప్పు తీర్చడానికి వెళ్లినా అడిగే దిక్కుండదు.

బాధితులు చూపించే రసీదులను ఒకసారి దగ్గరగా చూడండి. చాలావాటిలో సర్వే నంబరు కనిపించదు. ఫ్లాటు నంబరు ఉండవలసిన చోట ‘తరువాత కేటాయించబడును’ అని ఉంటుంది.

కొందరు నమ్మకం కలిగించడానికి అవిభక్త వాటా (ప్రాజెక్టు భూమిలో విడదీయని భాగం) మీ పేరిట రిజిస్టరు చేస్తారు. దానివల్ల మీకు దక్కేది ఎక్కడుందో చూపించలేని కొన్ని గజాల భూమి మాత్రమే. నిర్మాణం ఆగితే వందలాది సహయజమానులలో మీరొకరవుతారు. విడదీసుకోలేరు, అమ్ముకోవడమూ కష్టమే. వాటా రిజిస్టరైనా సరే, రెరా నంబరు లేకుండా మొత్తం కట్టవద్దు.

బ్రోషరులోని నంబరును నమ్మకండి. రెరా వెబ్‌సైటులో మీరే వెతికి, ప్రమోటరు పేరు, సర్వే నంబర్లు సరిపోల్చుకోండి. ‘నంబరు వచ్చే వారం వస్తుంది’ అంటే వచ్చే వారమే కట్టండి. 22-ఎ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) చూడండి. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమిని ఏ ధరకూ కొనవద్దు. చెరువు ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీరు చేరే హద్దు), దాని చుట్టూ ఖాళీగా వదలాల్సిన బఫరు హద్దులు చూడండి. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు బఫరు 30 మీటర్లు. రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన కూల్చివేత ఆగదని 2024లో ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక అందరూ చూశారు. లేఅవుటులో హెచ్‌ఎండీఏకు (హైదరాబాదు మహానగర అభివృద్ధి సంస్థకు) బిల్డరు తనఖా పెట్టిన ప్లాటును ముట్టుకోకండి. నగదు ఇవ్వకండి. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే అందులో ఒక శాతం మినహాయించి, టీడీఎస్ పన్నుగా మీరే ప్రభుత్వానికి కట్టాలి. విదేశాల్లో ఉన్నవారు ఏజెంటుకు జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాసివ్వవద్దు. అపార్టుమెంటు పూర్తయ్యే దాకా నెలనెలా అద్దె ఇస్తామన్న హామీని చూసి సంతకం పెట్టకండి.

ఇప్పటికే కట్టినవారు చెల్లింపుల రుజువులన్నీ భద్రపరచుకొని, రెరాకూ పోలీసులకూ ఫిర్యాదు ఇవ్వండి. వేరే ప్రాజెక్టులో సర్దుతామంటే ఒప్పుకోకండి; అసలు రసీదును వెనక్కి ఇవ్వకండి.