పరాయి బొమ్మకు మన మాట – 4వ పాఠం: పెదవులు కలిసే చోటు

పరాయి సినిమా ముక్కలో పాత మాటలు తీసేసి, మన కథతో కొత్త తెలుగు మాటలు పెట్టి నవ్వించడమే ఈ పాఠాల్లో మనం చేస్తున్న పని. కిందటి పాఠంలో ఇచ్చిన పని చేసి ఉంటే ఈపాటికి మీ దగ్గర రెండు నిమిషాల సినిమా ముక్క, దాని పక్కన ఒక కాగితం ఉండాలి. శబ్దం తీసేసి ఆ ముక్కను మళ్లీ మళ్లీ చూసి, ఎవరు ఎవరికేసి చూస్తున్నారు, చేతిలో ఏముంది, ఏ క్షణంలో మొహం మారింది అన్నవి రాసుకోమన్నాను. రాయనివాళ్లు ముందు ఆ పని ముగించుకుని రండి. ఆ కాగితం లేకుండా చదివితే చిట్కాలు తెలుస్తాయి గానీ డైలాగు పుట్టదు.

మనం సాధనకు తీసుకున్నది 1968 నాటి అమెరికన్ సినిమా 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' మొదటి సీను. విడుదలకు ముందు పేరు మార్చినప్పుడు టైటిల్ మీద ఉండాల్సిన కాపీరైట్ ప్రకటన పడకుండా పోయింది. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆ ఒక్క లోపం వల్ల ఆ సినిమా అందరి సొత్తు అయిపోయింది. నలుగురికీ చూపించే పని చేయాలనుకున్నప్పుడు ఇలాంటి సినిమానే వెతుక్కోండి. మన దేశపు చట్టంలో సినిమా మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది. నిన్న మొన్నటి హిట్ సినిమా జోలికి పోకపోవడమే మంచిది.

సీను మీకు తెలుసు. ఒక అన్న, ఒక చెల్లెలు చాలా దూరం కారు నడుపుకుంటూ ఊరి బయటి శ్మశానానికి వస్తారు. తండ్రి సమాధి మీద పూలచక్రం పెట్టాలి. అన్నకు ఈ ప్రయాణమే ఇష్టం లేదు, ఖర్చు మీదా సణుగుతాడు. దూరంగా ఎవరో ఒకడు తూలుకుంటూ నడుస్తున్నాడు. చెల్లెలి భయం చూసి అన్న ఆటపట్టిస్తాడు. ఆ మనిషి దగ్గరకొచ్చి ఆమె మీద పడతాడు.

దీనికి మనం అనుకున్న కథ: చెన్నైలో అద్దె ఇంట్లో ఉండే అన్నాచెల్లెళ్లు ప్లాటు చూడ్డానికి వచ్చారు. సమాధి రాళ్లు హద్దురాళ్లు. తూలుతూ వచ్చేవాడు బ్రోకరు. 'చెన్నైకి అరగంటే' అన్న అతని మాట నమ్మి బయల్దేరినవాళ్లు మధ్యాహ్నమంతా కారులోనే గడిపారు. చూడండి, అన్న మొహంలోని విసుగు మనం పెట్టింది కాదు, ఆ నటుడు ఎప్పుడో పెట్టి ఉంచాడు. దానికి మన ఊరి కారణం ఒకటి ఇచ్చామంతే. పూలచక్రానికీ జవాబు ఉండాలి కాబట్టి అది భూమిపూజకు తెచ్చిన పూలు అయింది.

'ఇంకా కొననే లేదు, అప్పుడే పూజకు పూలేంటే?'

'మంచి రోజు మళ్లీ దొరకదు అన్నయ్యా, ఊరుకో.'

తెర మీద కనిపించే ప్రతి వస్తువుకూ మన కథలో ఒక పని ఉండాలి. ప్రేక్షకుడి కన్ను పూల మీదే ఉండగా మనం ఇంకేదో మాట్లాడితే అతను మనల్ని వదిలేసి సినిమా చూడటం మొదలుపెడతాడు. 1966లో వుడీ అలెన్ ఒక జపాన్ గూఢచారి సినిమా తీసుకుని మాటలన్నీ మార్చేసి 'వాట్స్ అప్, టైగర్ లిలీ?' చేశాడు. అందులో అందరూ తుపాకులు పట్టుకుని వెంటపడేది ఒక గుడ్ల సలాడ్ రెసిపీ కోసం. ఆ నటులు మాత్రం దేశరహస్యం కోసం కొట్టుకుంటున్నంత సీరియస్‌గా ఉంటారు. వెతికే వస్తువు ఎంత చిన్నదైతే, మొహాలు ఎంత గంభీరంగా ఉంటే నవ్వు అంత గట్టిగా వస్తుంది. ఒక్క వస్తువు పట్టుకోండి, చివరిదాకా వదలకండి. మన కథలో ఆ వస్తువు అడ్వాన్స్.

ఇక ఈ పాఠం అసలు విషయానికి వద్దాం.

ప, ఫ, బ, భ, మ అనాలంటే పెదవులు కలవాలి. వ దగ్గర కింది పెదవి పై పళ్లను తాకబోతుంది. ఉ, ఊ, ఒ, ఓ దగ్గర మూతి గుండ్రమవుతుంది. మిగతా అక్షరాలు నోటి లోపల పుడతాయి, క్లోజప్‌లో కూడా కెమెరాకు అంతగా చిక్కవు. అందుకే డబ్బింగ్ రాసేవాళ్లు ముందు చూసేది పెదవులు కలిసే చోట్లే. అవి సరిపోతే మిగతా అక్షరాలను కన్ను క్షమిస్తుంది. అవి తప్పితే ఎంత మంచి జోకైనా అతికించినట్టే ఉంటుంది.

అన్న చెల్లెల్ని భయపెట్టే మాట తీసుకుందాం: 'దేర్ కమింగ్ టు గెట్ యూ, బార్బ్రా.' అంటే, నిన్ను పట్టుకోడానికి వస్తున్నారు, బార్బ్రా అని. వేలు మడిచి లెక్కపెట్టండి: దేర్, క, మింగ్, టు, గెట్, యూ, బార్, బ్రా. 8 అక్షరాలు. శబ్దం తీసేసి చూస్తే పెదవులు కలిసేది మూడు చోట్ల: 'కమింగ్'లో మ దగ్గర, చివర పేరులో రెండు బ-ల దగ్గర. అంటే 3, 7, 8 స్థానాల్లో మనకు పెదవుల అక్షరం కావాలి. మిగతా చోట్ల ఉండకూడదు.

చెల్లెలికి ఇంట్లో పిలిచే పేరు 'పాప' అని పెట్టుకుంటే చివరి రెండు చోట్లూ ఒకేసారి కుదిరిపోతాయి. 3వ చోట మ కావాలి, 'మన' అన్న మాటతో అదీ వస్తుంది. 'వాడు మనకేసే, పాపా.' వా, డు, మ, న, కే, సే, పా, పా. లెక్క సరిపోయింది. కానీ మొదట్లోనే వ ఉంది, అక్కడ అతని నోరు విప్పారి ఉంటుంది. మన ఇళ్లలో చాలామంది 'వాడు' అనరు, 'ఆడు' అంటారు. అదే రాయండి: 'ఆడు మనకేసే, పాపా...' సాగదీసి చదివి చూడండి. అన్న గొంతులో ఆటపట్టింపు అలాగే ఉంటుంది, వచ్చేవాడు బ్రోకరని మనకు ముందే తెలుసు కాబట్టి నవ్వూ వస్తుంది. ఆ ఒక్క లైనుకు గంట పట్టినా బాధపడకండి. సీనంతటికీ ప్రాణం అక్కడే ఉంది.

తెలుగుతో ఒక ఇబ్బంది ఉంది. మన వాక్యం దాదాపు ఎప్పుడూ అచ్చుతో ముగుస్తుంది, అంటే నోరు తెరిచి ముగుస్తుంది. ఇంగ్లీషు, తమిళ నటులు చాలాసార్లు నోరు మూసి ముగిస్తారు. పెదవులు కలిసిపోయాక కూడా మన 'న్నాడు', 'తాను' వినిపిస్తుంటే పరాయి గొంతని వెంటనే తెలిసిపోతుంది. దీనికి మందు మన క్రియల్లోనే ఉంది. 'వెళ్దాం', 'అడుగుదాం', 'చూశాం', 'ఇచ్చేశాం' అన్నప్పుడు చివర పెదవులు కలుస్తాయి. నోరు మూసుకుపోయే లైను ఎదురైతే వాక్యాన్ని 'మనం', 'మేము' వైపు తిప్పండి. 'నేను అడ్వాన్స్ ఇవ్వను' కుదరకపోతే 'అడ్వాన్స్ తర్వాత చూద్దాం' కుదురుతుంది. పైగా బ్రోకరుతో మాట్లాడేటప్పుడు మనుషులు నిజంగా అనేది కూడా అదే.

చేతులనూ గమనించండి. నటుడు వేలు చూపించినా, తల విదిల్చినా, కనుబొమ్మ ఎగరేసినా ఆ క్షణంలో బరువైన మాట పడాలి. తెలుగులో మాటల వరుస మన చేతిలో ఉంటుంది, అది పెద్ద వరం. 'ఈ రాయి దాకా మనదే' అనొచ్చు, 'మనదే, ఈ రాయి దాకా' అనొచ్చు. వేలు వాక్యం మొదట్లో లేస్తే మొదటిది, చివర్లో లేస్తే రెండోది.

ఈ పని మన చెన్నైకి కొత్త కాదు. 1950లో హిందీ నుంచి తెలుగులోకి వచ్చిన 'ఆహుతి'కి మాటలు, పాటలు రాసింది శ్రీశ్రీ. తర్వాత రచయిత రాజశ్రీ తమిళ సినిమాలకు తెలుగు మాటలే కాదు, పాటలూ రాశారు. పాటలో ట్యూను కదలదు, పెదవి కదలదు, అర్థం మాత్రం మారాలి. కోడంబాక్కం, వడపళని, సాలిగ్రామం వీధుల్లో ఎంతోమంది తెలుగువాళ్లు ఈ చదువుతోనే కడుపు నింపుకున్నారు. అప్పట్లో ఒక్కో డైలాగు ఉన్న ఫిల్ము ముక్కను కొసలు అతికించి తెర మీద తిప్పుతూనే ఉండేవారు, ఆర్టిస్టు దాన్ని చూస్తూ చెప్పేవాడు. ఇప్పుడు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ ముక్కను ఎంచుకుని మళ్లీ మళ్లీ ప్లే అయ్యేలా పెట్టుకుంటే చాలు. డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో ఇదంతా అవుతుంది. వాళ్లు కథను నిలబెట్టడానికి చేసిన పనినే మనం కథను మార్చడానికి చేస్తున్నాం. కొలత ఒకటే, కాబట్టి శ్రద్ధ కూడా అంతే ఉండాలని నా పట్టుదల.

పెదవి కనిపించని షాట్లు మీకు దొరికిన స్వేచ్ఛ. దూరపు షాటు, వీపు కనిపించే షాటు, ఎదుటివాడు వింటున్న షాటు, వీటిలో ఎంత మాటైనా పట్టించవచ్చు. చెల్లెలు పరుగెత్తి కారులో కూర్చుని తలుపులు వేసుకుంటుంది. తాళం అన్న దగ్గర ఉండిపోయింది. కెమెరా ఆమె మొహం మీద ఉన్నంతసేపూ బయటి గొంతు మనది: 'రిజిస్ట్రేషన్ ఖర్చు నేనే పెట్టుకుంటానమ్మా! గేటెడ్ కమ్యూనిటీ అమ్మా! అద్దం దించమ్మా!' ఆమె భయం నిజమైన భయం, అందుకే ఈ మాటలు పండుతాయి. అయితే స్వేచ్ఛ దొరికింది కదా అని ప్రతి ఖాళీలోనూ మాట కుక్కకండి. బ్రోకరు అద్దం మీద కొడుతున్నప్పుడు ఆ చప్పుడు ఒక్కటే వినిపించనివ్వండి.

గొంతు విషయంలో నా అభిప్రాయం గట్టిగా చెబుతాను. నవ్వించే గొంతు పెట్టకండి. 1993లో ఫ్రాన్స్‌లో టీవీ కోసం మిషెల్ హజానవిసియస్, డొమినిక్ మెజెరెట్ కలిసి వార్నర్ బ్రదర్స్ పాత సినిమాల ముక్కలతో ఒక కొత్త కథ అల్లారు. ఆ హాలీవుడ్ నటులకు ఏళ్ల తరబడి ఫ్రెంచిలో డబ్బింగ్ చెప్పిన ఆర్టిస్టుల్లో చాలామందినే మళ్లీ పిలిపించారు. మాట తిక్కగా ఉన్నా గొంతు ఎప్పటి గొంతే. అదే నవ్వుకు మూలం. మన దగ్గర ఈ పని అనగానే మిమిక్రీ, ముక్కుతో మాట్లాడటం, ఏదో ఒక యాసను వెక్కిరించడం మొదలవుతుంది. యాస పెట్టండి, తప్పకుండా పెట్టండి. పెరంబూరులో పుట్టి పెరిగిన తెలుగు బ్రోకరు మాటల్లో తమిళం కలవడం సహజం. కానీ ఆ యాసే జోకు కాకూడదు, ఆ మనిషి అడ్వాన్స్ కోసం పడే తపన జోకు కావాలి. ఆ నటుల రంగును, రూపాన్ని, భాషను ఎగతాళి చేసే లైను వస్తే కొట్టేయండి. వాళ్ల శ్రమ మీదే మనం నిలబడి ఉన్నాం.

ఇంట్లో మనుషులు దొరకకపోతే అన్ని పాత్రలూ మీరే చెప్పొచ్చు. 1976 నాటి హాంకాంగ్ కుంగ్‌ఫూ సినిమా మీద 2002లో వచ్చిన 'కుంగ్ పౌ'లో స్టీవ్ ఓడెకర్క్ దాదాపు అందరికీ తనే గొంతు ఇచ్చాడు. ఒక్కో పాత్రను మొదలు నుంచి చివరిదాకా ఒకే ఊపులో రికార్డు చేసి, తర్వాత రెండో పాత్రకు వెళ్లండి. ఫ్యాను ఆపండి, దుప్పటి కప్పుకుని మైకు దగ్గర కూర్చోండి. ఆర్కాడ్ రోడ్డు పక్కన ఇల్లున్నవాళ్లు రాత్రి బస్సులు తగ్గాక పెట్టుకోండి.

చివరి సర్దుబాటు: మాట పెదవి కంటే ముందు వినిపిస్తే కన్ను ఒప్పుకోదు, కాస్త వెనక పడితే సర్దుకుపోతుంది. అనుమానంగా ఉంటే మీ మాట ఒకటి రెండు ఫ్రేములు ఆలస్యంగా వినిపించేలా జరపండి. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు ఉంటాయి కాబట్టి అది చాలా చిన్న జరుపు, అయినా తేడా తెలుస్తుంది.

వచ్చే పాఠానికి పని: మీ రెండు నిమిషాల ముక్కలో క్లోజప్‌లో ఉన్న లైన్లు మాత్రం తీసుకోండి. ఒక్కోదానికి అక్షరాల లెక్క రాసి, పెదవులు కలిసే స్థానాల కింద గీత పెట్టి, ఆ గీతల మీద ప, బ, మ పడేలా డైలాగు రాయండి. దూరపు షాట్ల మాటలు ఇప్పుడే రాయొద్దు. రాసినవి ఫోన్‌లో రికార్డు చేసి బొమ్మతో కలిపి వినండి, ఇంట్లో ఒకరికి కూడా వినిపించండి. వాళ్లు ఎక్కడ తెర నుంచి చూపు తిప్పారో అక్కడ గుర్తు పెట్టండి. పాత శబ్దం తీసేయడం వల్ల అడుగుల చప్పుడు, కారు తలుపు, గాలి కూడా పోయాయి కదా, వాటిని వంటింటి సామానుతో ఎలా తిరిగి తెచ్చుకోవాలో 5వ పాఠంలో చూద్దాం. ఒక స్టీలు పళ్లెం, గుప్పెడు ఇసుక, పాత తోలు చెప్పుల జత సిద్ధంగా ఉంచుకోండి.