చేతి కంట్రోలర్ మొరాయిస్తోందా? మార్చేసే ముందు ఇవి చూడండి

విమానం లాగ్‌బుక్‌లో ఎప్పుడూ అదే వాక్యం: "హ్యాండ్ కంట్రోలర్ సరిగా పనిచేయడం లేదు." అది చదివి పాతది విప్పి, స్టోర్స్ నుంచి కొత్తది తెచ్చి బిగిస్తే ఆ పూటకు పని అయిపోయినట్టే ఉంటుంది. విప్పినది వర్క్‌షాప్‌కు వెళ్లి "నో ఫాల్ట్ ఫౌండ్" అన్న చీటీతో తిరిగొస్తుంది. నాలుగు ఫ్లైట్లు గడిచాక కొత్తదాని మీద కూడా అదే కంప్లయింట్. ఏవియానిక్స్ (విమాన ఎలక్ట్రానిక్స్) పనిలో నేను చూసినంతవరకు తప్పు చాలాసార్లు కంట్రోలర్ లోపల ఉండదు, చుట్టూ ఉంటుంది. సీటు, కేబుల్, గ్లవ్, మోకాలు, మోచెయ్యి, ఇరుకు కాక్‌పిట్‌లో ఇవన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూనే ఉంటాయి.

నేను మాట్లాడుతున్నది సిబ్బంది చేత్తో పట్టుకుని సెన్సర్లనూ తెరలనూ వించ్‌నూ (మనుషుల్ని తాడుతో పైకి లాగే యంత్రం) నడిపే పరికరాల గురించి. ఎఫ్-15ఈ వెనక సీట్లో ఆయుధ వ్యవస్థల ఆఫీసర్‌కు రెండు పక్కలా ఉండే రెండు హ్యాండ్ కంట్రోలర్లు ఒక రకం. రెస్క్యూ హెలికాప్టర్ తలుపు దగ్గర నిలబడే వించ్ ఆపరేటర్ చేతిలోని పెండెంట్ (తీగకు వేలాడే బటన్ల పెట్టె) ఇంకో రకం. మోడల్ ఏదైనా జబ్బులు మాత్రం దాదాపు ఒకటే.

చెయ్యి పెట్టే ముందు ఒక మాట. ఎజెక్షన్ సీటున్న విమానమైతే సేఫ్టీ పిన్నులు పెట్టి ఉన్నాయని మీ కళ్లతో చూసుకున్నాకే లోపలికి వంగండి. ఎవరో పెట్టారట అన్న మాట చాలదు. కనెక్టర్ విప్పే ముందు కరెంటు ఆపి, సర్క్యూట్ బ్రేకర్‌కు ట్యాగ్ కట్టండి. కొలతలూ టార్క్ విలువలూ మీ విమానం మాన్యువల్‌లో ఉన్నవే తీసుకోవాలి, నా మాట మీద కాదు.

లక్షణం: చెయ్యి తీసేసినా కర్సర్ ఒక పక్కకు జారుతోంది

అన్నిటికంటే ఎక్కువగా వచ్చే కంప్లయింట్ ఇదే. చాలా కంట్రోలర్లలో బొటనవేలి కింద ఉండే చిన్న గుబ్బ కదలదు, లేదా కదిలీ కదలనట్టు ఉంటుంది. అది కొలిచేది వేలి ఒత్తిడిని. కొన్ని మోడళ్లు కరెంటు రాగానే, ఆ క్షణంలో గుబ్బ మీద ఎంత ఒత్తిడి ఉందో చూసి దాన్నే సున్నాగా రాసుకుంటాయి. ఆ సమయంలో వేలు దాని మీద ఆని ఉంటే, ఆ బరువు సున్నా అయిపోతుంది. తర్వాత వేలు తీయగానే కంట్రోలర్ దాన్ని ఎదురు దిశలో నొక్కినట్టు లెక్కేస్తుంది. కర్సర్ జారడం మొదలవుతుంది.

ఒక విమానంలో ఇదే కంప్లయింట్ మూడుసార్లు వచ్చింది. నేల మీద నేను ఎన్నిసార్లు పరీక్షించినా కర్సర్ కదల్లేదు. చివరికి ఆ ఆపరేటర్‌నే పిలిచి, "సార్, మామూలుగా ఎలా కూర్చుంటారో అలాగే కూర్చోండి, కరెంటు నేనిస్తాను" అన్నాను. ఆయన సీటు దించి, బెల్టు బిగించి, తొడ మీద నీబోర్డ్ (రాసుకునే చిన్న పలక) కట్టుకున్నారు. దాని బయటి అంచు సరిగ్గా గుబ్బకు తగిలింది. కరెంటు ఇచ్చి, ఆయన కాలు పక్కకు జరపగానే కర్సర్ తెర అంచు దాకా పాకింది. నీబోర్డ్ రెండు వేళ్ల మేర లోపలికి జరిపి కట్టుకోవడమే పరిష్కారం. దాని కోసం అంతకుముందు రెండు మంచి కంట్రోలర్లు వర్క్‌షాప్‌కు వెళ్లొచ్చాయి.

కాబట్టి మొదటి పరీక్ష: చేతులు, కాళ్లు, గొట్టాలు, పట్టీలు ఏవీ కంట్రోలర్‌కు తగలకుండా కరెంటు ఆపి మళ్లీ ఇవ్వండి. జారడం ఆగితే తప్పు సున్నాది. ఆగకపోతే సెన్సర్ వైపు చూడాలి. గుబ్బ కదిలే రకమైతే, దాన్ని మెల్లగా ఒక చివరి నుంచి ఇంకో చివరికి తిప్పినప్పుడు కర్సర్ ప్రతిసారీ ఒకే చోట గెంతితే, అది పొటెన్షియోమీటర్‌లో (కదలికను బట్టి రెసిస్టెన్స్ మారే భాగం) అరిగిన ట్రాక్. దాన్ని మార్చాల్సిందే. స్ట్రెయిన్ గేజ్ (ఒత్తిడిని కొలిచే పట్టీ) రకమైతే చల్లగా ఉన్నప్పుడు జారి, కాసేపు వేడెక్కాక కుదురుకోవచ్చు. మాన్యువల్ చెప్పినంత సేపు ఆగి కాలిబ్రేషన్ చేయండి. హాల్ సెన్సర్ (అయస్కాంతంతో కదలికను కొలిచేది) ఉంటే చుట్టుపక్కల అయస్కాంతం ఏదైనా చేరిందేమో వెతకండి. చార్ట్‌ల క్లిప్పులోనో టాబ్లెట్ కవర్‌లోనో అది దాగి ఉండొచ్చు.

ఒకటి మాత్రం చేయకండి. సాఫ్ట్‌వేర్ అనుమతిస్తోంది కదా అని డెడ్‌బ్యాండ్ (చిన్న నొక్కులను లెక్కచేయని మేర) పెంచి జారుడును కప్పిపుచ్చకండి. మధ్యలో కంట్రోలర్ మొద్దుబారిపోతుంది. సన్నటి గురిని పట్టాల్సిన మనిషి గట్టిగా నొక్కడం మొదలుపెడతాడు, కర్సర్ గురిని దాటి పోతుంది.

లక్షణం: ఒకసారి పనిచేస్తుంది, ఒకసారి చేయదు

ముందుగా కేబుల్‌ను అనుమానించండి. సీటు పైకీ కిందికీ జరిగేదైతే ఇంకా ఎక్కువగా. కేబుల్ గ్రిప్‌లోకి దూరే చోట, కనెక్టర్ వెనక భాగంలోకి వెళ్లే చోట తీగలు రోజూ వంగి వంగి లోపలే తెగుతాయి. పైన ఇన్సులేషన్ చెక్కుచెదరకుండా ఉంటుంది కాబట్టి కంటికి ఏమీ కనపడదు. వేళ్లకు తెలుస్తుంది. బొటనవేలు, చూపుడువేలు మధ్య కేబుల్‌ను పట్టి అంగుళం అంగుళం వంచుకుంటూ వెళ్లండి. తెగిన చోట తీగకు పట్టు ఉండదు, మిగతా చోట్ల కన్నా మెత్తగా విరిగినట్టు వంగుతుంది. రెండు కొసలూ కనెక్టర్ల నుంచి వేరుచేసి, మీటర్‌ను కంటిన్యుటీలో పెట్టి, ఆ చోటే కదిలిస్తే బీప్ తెగుతూ వస్తుంది.

ఇన్సులేషన్ టెస్టర్ వాడాలనిపిస్తే ముందు కంట్రోలర్‌ను పూర్తిగా వేరుచేయండి. ఆ వోల్టేజీ లోపలి ఎలక్ట్రానిక్స్‌ను చంపేస్తుంది.

కేబుల్ బాగుంటే కనెక్టర్ ముఖం చూడండి. టార్చి వేసి పక్క నుంచి చూస్తే, మిగతావాటి కంటే లోపలికి జారిన పిన్ తెలిసిపోతుంది. అది నేల మీద ఆనుతుంది, గాల్లో వణుకుకు వదిలేస్తుంది. టేపు చుట్టి పంపడం, తెగిన చోట అతుకు వేయడం మరమ్మతు కావు. హార్నెస్ (తీగల కట్ట) మార్చండి, లేదా మాన్యువల్ ఒప్పుకుంటే కొస కత్తిరించి కొత్త పిన్నులు క్రింప్ చేయండి. వంపు ఎంత ఉండాలో మాన్యువల్ విడిగా చెప్పకపోతే వ్యాసానికి 10 రెట్లకు తగ్గని వ్యాసార్థం అన్నది వైరింగ్‌లో అందరూ పాటించే లెక్క. క్లాంప్ బిగించే ముందు సీటును పూర్తిగా పైకీ, పూర్తిగా కిందికీ నడిపి, రెండు చివర్లలోనూ కేబుల్ లాగుడు పడటం లేదని చూసుకోండి.

లక్షణం: అనుకున్న బటన్ కాకుండా పక్కది నొక్కుతున్నారు

"ఇది మనిషి తప్పు, మెకానిక్‌కేం సంబంధం" అనేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. రెండో ప్రపంచ యుద్ధంలో బి-17 పైలట్లు దిగాక ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచు పలకలు) ముడవబోయి చక్రాలు ముడిచేసేవాళ్లు. రెండు స్విచ్‌లూ పక్కపక్కనే, ఒకేలా ఉండేవి. ఆల్ఫాన్స్ చాపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చక్రాల (గేర్) స్విచ్‌కు చక్రంలాంటి గుబ్బ, ఫ్లాప్స్ స్విచ్‌కు రెక్క ఆకారపు గుబ్బ పెట్టించాడు. తడమగానే తెలిసే తేడా అది. రవాణా విమానాల అమెరికన్ నియమాల్లో 25.781 సెక్షన్ ఈ ఆకారాలను ఇప్పటికీ అడుగుతుంది.

చేతి కంట్రోలర్‌నూ ఎవరూ చూస్తూ వాడరు. కాబట్టి ఆపరేటర్ వేసుకునే గ్లవ్ మీరూ వేసుకుని, కళ్లు మూసుకుని ప్రతి బటన్‌నూ పేరు చెబుతూ తాకండి. గీతలు అరిగిపోయాయా? రిపేరులో ఒక క్యాప్ బదులు ఇంకో ఆకారం క్యాప్ పడిందా? మధ్యలో ఉండాల్సిన చిన్న గోడ విరిగిందా? వేలికి తేడా తెలియకపోతే ఆ క్యాప్ మార్చేయండి. గ్లవ్ కొస వదులుగా మడత పడుతుంటే ఆ సంగతి కూడా రాయండి, సైజు మార్చుకుంటారు.

లక్షణం: కుదుపుల్లో కర్సర్ నిలవడం లేదు

విమానం ఊగితే శరీరం ఊగుతుంది, దాంతో చెయ్యీ ఊగుతుంది. కంట్రోలర్ ఆ ఊపును కూడా ఆజ్ఞ అనుకుంటుంది. ఆర్మ్‌రెస్ట్ మీద ముంజేయి పూర్తిగా ఆనుతోందో లేదో చూడండి. ఆర్మ్‌రెస్ట్ వదులై ఒరిగిపోవడమే కారణమైన సందర్భాలు నాకు చాలాసార్లు తగిలాయి. తర్వాత గ్రిప్ మౌంట్‌ను పట్టి ఊపి చూడండి, అందులో వదులు కదలిక అసలు ఉండకూడదు.

గుబ్బ ఏ మాత్రం కదలకపోయినా మనిషికి ఎంత నొక్కుతున్నాడో అంతు చిక్కదు. ఎఫ్-16 సైడ్ స్టిక్ మొదట్లో అస్సలు కదిలేది కాదు. పైలట్లు ఇబ్బంది పడ్డాకే దానికి కొద్దిపాటి కదలిక ఇచ్చారు. మీ మోడల్‌లో ఆ కొద్దిపాటి కదలిక దుమ్ముతో బిగుసుకుపోయిందేమో చూసుకోండి.

లక్షణం: రేడియోలో మాట్లాడినప్పుడే కర్సర్ ఉలిక్కిపడుతోంది

కేబుల్ షీల్డ్ (రేడియో తరంగాలను ఆపే లోహపు అల్లిక) తెగింది, లేదా బాండింగ్ పట్టీ (పరికరాన్ని విమాన శరీరానికి కలిపే లోహపు పట్టీ) కింద పెయింటో తుప్పో చేరింది. శుభ్రం చేసి, మళ్లీ బిగించి, రెసిస్టెన్స్ కొలవండి.

లక్షణం: బటన్ ఇరుక్కుంటోంది, లేదా ఒక్క నొక్కుకు రెండుసార్లు పలుకుతోంది

చెమట, ఒలికిన పానీయం, ఇసుక. నూనె స్ప్రేలు వద్దు, అవి దుమ్మును ఇంకా పట్టి ఉంచుతాయి. మాన్యువల్ ఒప్పుకున్న క్లీనర్‌నే పలచగా వాడండి. అయినా రెండుసార్లు పలికితే స్విచ్ కాంటాక్ట్ పోయినట్టే, మార్చండి.

లక్షణం: కంట్రోలర్ క్రేడిల్‌లో (వాడనప్పుడు పెట్టే గూడు) నిలవదు, జారి పడుతోంది

దీన్ని చిన్న విషయంగా తోసేయకండి. 2014 ఫిబ్రవరిలో బ్రిటన్ వాయుసేన వాయేజర్ విమానంలో కెప్టెన్ ఆర్మ్‌రెస్ట్‌కూ సైడ్ స్టిక్‌కూ మధ్య ఒక కెమెరా ఇరుక్కుంది. సీటు ముందుకు జరిగినప్పుడు అది స్టిక్‌ను ముందుకు తోసింది. విమానం 27 సెకన్లలో 4,400 అడుగులు పడిపోయింది. చేతిలోంచి జారిన కంట్రోలర్ కూడా అలాంటి సందులోకే వెళ్తుంది. క్లిప్పు స్ప్రింగ్, పట్టీ, వెల్క్రో ఏది బలహీనమైతే అది మార్చండి. కేబుల్ మరీ పొడవుగా ఉండి పెడల్స్ దాకా అందుతుంటే దాని క్లాంప్ చోటు మార్చడానికి ఇంజనీరింగ్ అనుమతి అడగండి.

ఏ మరమ్మతు చేసినా సంతకానికి ముందు పూర్తి సైజు మనిషిని గ్లవ్స్, నీబోర్డ్, బెల్టులతో సహా కూర్చోబెట్టండి. సీటు అన్నిటికంటే కింద, అన్నిటికంటే పైన, ముందుకు, వెనక్కి. ప్రతి చోటా గుబ్బను నాలుగు దిక్కులా నొక్కించి, ప్రతి బటన్‌నూ పలికించి, కంట్రోలర్‌ను క్రేడిల్‌లో పెట్టించి మళ్లీ తీయించండి. లాగ్‌బుక్‌లో "సరిచేశాను" అని కాకుండా ఏ లక్షణం, ఏ సీటు స్థానంలో కనిపించింది, ఏం తాకితే పోయింది అన్నది రాయండి. తర్వాతి షిఫ్ట్ వాళ్లకు అక్కరకొచ్చేది అదే.